వేళ్లకి గుర్తుంటుంది, పెదాలకి ఉండదు: పికోలోకి తిరిగి వెళ్తున్న ఫ్లూట్ వాళ్లకి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. హైస్కూల్ బ్యాండ్‌లో మూడేళ్లు పికోలో, అంటే ఫ్లూట్‌లో సగం పొడవుండే బుల్లి ఫ్లూట్, వాయించారు, ఆ తర్వాత పదకొండేళ్లుగా ఫ్లూట్ ఒక్కటే. ఇప్పుడు టెక్సాస్‌లో మీ ఊరి కమ్యూనిటీ బ్యాండ్ జులై 4 కచేరీకి అమెరికన్ స్వరకర్త సూసా రాసిన మార్చ్ ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ పెట్టుకుంది, అందులో పికోలోకి సోలో ఉంది, ఎప్పుడూ పికోలో వాయించే ఆవిడ ఊరు మారిపోయారు, డైరెక్టర్ గారు మీ వైపు చూశారు, మీరు మొహమాటానికి సరే అనేశారు. చేతిలో పది వారాలున్నాయి. క్లాజెట్‌లోంచి పాత పికోలో తీసి ఊదితే కింది స్వరాలు గాలి గాలిగా ఉన్నాయి, పైవి కీచుమంటున్నాయి, పది నిమిషాలకే పెదాలు లాగేస్తున్నాయి. పైగా పికోలో పట్టుకుంటే ఫ్లూట్ టోన్ పాడవుతుందని ఎవరో భయపెట్టారు.

పది వారాలు సరిపోతాయి. ఇప్పుడు మీరు చేస్తున్న పద్ధతిలో మాత్రం సరిపోవు. మీరు రాసిన దాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను, సోలో మొత్తం వేళ్లకి ఇంకా గుర్తుందనీ రెండో రోజే ఫుల్ స్పీడులో వాయించేశాననీ అన్నారు చూడండి, అక్కడ. తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. వేళ్లు ఈ పదకొండేళ్లూ ఫ్లూట్ మీద దాదాపు అవే ఫింగరింగ్స్ వేస్తూనే ఉన్నాయి కాబట్టి అవి మొదటి రోజే వచ్చేస్తాయి. పెదాలు అలా కాదు, అవి పికోలోని పూర్తిగా మర్చిపోయాయి. వేళ్లు ముందు పరిగెత్తి పెదాల్ని ఈడ్చుకుపోతాయి, పెదాలు అందుకోలేక బిగుసుకుంటాయి, బిగిసిన పెదాలతో పై స్వరం పలకదు, పలకలేదని ఇంకా గట్టిగా ఊదుతాం. ఈ గుండ్రంలో ఒకసారి పడితే పది వారాలు కాదు, ఆరు నెలలైనా బయటికి రాలేరు.

ఇది ఎవరో చెప్పిన మాట కాదు, నా మీదికి వచ్చిన సంగతే. నేను పచ్‌మఢీలో మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో నేర్చుకుని, ఇరవై మూడేళ్లు ఆర్మీ బ్యాండ్‌లో ఫ్లూట్, పికోలో వాయించి బయటికి వచ్చినవాణ్ని. ఆ సర్వీసు మధ్యలో ఎనిమిదేళ్లు పికోలో ఇంకో కుర్రాడి చేతికి వెళ్లింది, నేను ఫ్లూట్‌తోనే ఉండిపోయాను. అతనికి పోస్టింగ్ మారాక మళ్లీ నా ఒళ్లో పడింది. అప్పుడు నాకు నలభై దాటాయి, పాత ఉద్యోగమే కదా అని మొదటి రోజే మార్చ్‌ల పుస్తకం తెరిచాను. మూడు వారాల్లో పై పెదవి లోపల పుండు పడింది, దవడ పట్టేసింది, ఆఖరికి నెల రోజులు ఏమీ ఊదకుండా కూర్చున్నాను. అంటే మూడు వారాల తొందర నాకు ఏడు వారాలు తిన్నది. మీ దగ్గర మొత్తం ఉన్నవే పది.

మీ పెదాల్ని తిట్టుకునే ముందు పికోలోని చూడండి. పదకొండేళ్లు పెట్టెలో ఉంటే ప్యాడ్లు, అంటే రంధ్రాల్ని మూసే మెత్తలు, ఎండిపోతాయి, వాటి మీద పల్చటి పొర చిట్లుతుంది, అంచులు సరిగ్గా మూసుకోవు. పికోలోకి రంధ్రాలు చిన్నవి కాబట్టి వెంట్రుకంత సందు ఉన్నా సరే, కింది స్వరాలు చచ్చిపోతాయి. మీరు చెప్పిన గాలి గాలి సౌండ్‌లో సగం ఇదేనని నా అనుమానం. జి స్వరం నుంచి మెల్లగా ఒక్కో వేలు మూసుకుంటూ ఎఫ్, ఇ, డి దాకా దిగండి. జి బాగానే పలికి, కిందికి దిగేకొద్దీ వేలు గట్టిగా నొక్కితే తప్ప స్వరం నిలవకపోతే అది ప్యాడ్ల లీకు, మీ తప్పు కాదు. రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి పంపించండి. ఇంట్లో స్క్రూలు తిప్పొద్దు, పికోలో మెకానిజం గడియారంలా చిన్నది, నాకే చేతులు వణుకుతాయి.

హెడ్ జాయింట్‌లో, అంటే ఊదే రంధ్రం ఉన్న పై ముక్కలో, పై చివర మూసి ఉంచే కార్క్ కూడా ఎండి కుంచించుకుపోతుంది. హెడ్ జాయింట్ విప్పి, కింది చివర అరచేత్తో గట్టిగా మూసి, ఊదే రంధ్రం మీద నోరు పెట్టి గాలి లోపలికి పీల్చండి. పెదవి అతుక్కుపోయినట్టు ఒక క్షణం పట్టుకోవాలి. పట్టుకోకుండా గాలి జారిపోతుంటే కార్క్ మార్చాల్సిందే. కార్క్ ఉన్న చోటు కూడా చూడండి. క్లీనింగ్ రాడ్ మీద గీత ఉంటుంది కదా, అది ఊదే రంధ్రం మధ్యలో కనపడాలి. పికోలో రాడ్‌తోనే చూడండి, ఫ్లూట్ రాడ్‌తో కాదు. కార్క్ నుంచి ఊదే రంధ్రం మధ్యకి దూరం ఫ్లూట్‌కి 17 మిల్లీమీటర్లు, పికోలోకి ఏడు, ఏడున్నర. నవ్వకండి, ఫ్లూట్ రాడ్ పెట్టి కార్క్ తోసేసి, ఆక్టేవ్‌లు (మన స్థాయులు) కలవట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ఈ పని ఈ వారమే అయిపోవాలి. రిపేర్‌కి వెళ్లిన ఆ నాలుగైదు రోజులూ వృథా పోవు, ఫ్లూట్ మీద చేయాల్సినది ఉంది. మూడో ఆక్టేవ్‌లో ఇ నుంచి బి వరకూ, సన్నగా, ఎంత మెల్లగా వాయించగలరో అంత మెల్లగా లాంగ్ టోన్స్, అంటే ఒక్కో స్వరాన్ని పొడుగ్గా, పట్టండి. గట్టిగా ఊదితే పై స్వరం అందరికీ వస్తుంది. మెల్లగా పట్టినప్పుడు పెదాల మధ్య సందు చిన్నదై, గాలి సన్నటి దారంలా వస్తుంది. పికోలోకి కావాల్సింది ఆ దారమే.

ఫ్లూట్ వాళ్లు పికోలోని ఫ్లూట్‌కి చెల్లెలు అనుకుంటారు. పొడవు సగం, రాసింది అదే, వినపడేది ఒక ఆక్టేవ్ పైన, అంతే కదా అని. కాదమ్మా. ఫ్లూట్ గొట్టం ఒంట్లో సమానంగా ఉంటుంది, హెడ్ జాయింట్‌లో పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. పికోలోల్లో ఎక్కువ వాటికి ఇది తిరగేసి ఉంటుంది, హెడ్ సమానంగా ఉండి ఒళ్లు కిందికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. అందుకే శ్రుతిలో అది మొగ్గే తీరు వేరు, ఊదితే తిరిగి వచ్చే ఒత్తిడి వేరు. ఫ్లూట్‌కి చివర ఉండే ఫుట్ జాయింట్ ముక్క దీనికి లేదు కాబట్టి మామూలుగా డి దగ్గరే ఆగిపోతుంది, కింద సి లేదు. ఫ్లూట్ మీద పెదవి కింద విశాలమైన ప్లేటు ఉంటుంది, పొరపాటుగా కూర్చున్నా సర్దుకుంటుంది. పికోలో మీద రంధ్రం ఎంత చిన్నదంటే ఒక మిల్లీమీటరు జరిగినా స్వరం ఎగిరిపోతుంది.

పెట్టే చోటు సంగతి. ఫ్లూట్ కంటే పికోలోని పెదవి మీద కొంచెం పైకి పెట్టాలి. రంధ్రం చిన్నది, అవతలి అంచు దగ్గరగా ఉంది, ఫ్లూట్ పెట్టే చోటే పెడితే గాలి అంచు మీద పడకుండా పై నుంచి దాటిపోతుంది. ఎంత పైకి అని అడిగితే కొలత చెప్పలేను, ఒక్కొక్కరి పెదవి ఒక్కో రకం. అద్దం ముందు నిలబడి, హెడ్ జాయింట్ ఒక్కటే పట్టుకుని, వెంట్రుకవాసి చొప్పున పైకి జరుపుతూ ఊదండి. ఒక చోట సౌండ్ ఒక్కసారిగా తేటపడుతుంది, అదే మీ చోటు. రోజూ అక్కడికే రావాలి. అద్దం ఎందుకంటే, పై స్వరం కోసం మీ నోటి మూలలు చెవుల వైపు లాగుతున్నారేమో కనపడాలి. నవ్వుతున్న మొహంతో పికోలో వాయిస్తే సౌండ్ పల్చబడి, శ్రుతి పైకి పోతుంది, పెదవి నొప్పి పెడుతుంది. మూలలు కిందికి, లోపలికి స్థిరంగా ఉండాలి, మధ్యలో మాత్రం మెత్తగా. అన్నం వేడిగా ఉందని ఒక మెతుకు మీద ఊదినట్టు. బిగింపు మూలల్లో, మెత్తదనం మధ్యలో. మొదట్లో అందరూ దీన్ని తలకిందులు చేస్తారు.

గాలి విషయంలో కూడా మనకో భ్రమ ఉంది. చిన్న వాద్యం, పై స్వరాలు, కాబట్టి బాగా ఊదాలి అని. గాలి వేగంగా వెళ్లాలి నిజమే, కానీ తక్కువ గాలి వెళ్లాలి. తోట పైపు చివర వేలు పెట్టి సందు చిన్నది చేస్తే నీళ్లు దూరం పడతాయి, కుళాయి ఎక్కువ తిప్పక్కర్లేదు. వేగం పొట్టలోంచి వచ్చే ఒత్తిడితో, సందు పెదాలతో. గొంతుతో పిండొద్దు. గొంతు బిగిస్తే మీకే వినపడుతుంది, స్వరం వెనక సన్నగా మూలుగులాంటిది వస్తుంది.

ఇప్పుడు టైము లెక్క. పికోలో రిపేర్ నుంచి వచ్చాక మొదటి రెండు వారాలు రోజుకి పదిహేను నిమిషాలు, అదీ ఒకేసారి కాదు, ఐదేసి నిమిషాలు మూడుసార్లు, మధ్యలో గంట గ్యాప్ ఉన్నా పర్వాలేదు. పెదవి వణకడం మొదలైతే ఆ క్షణమే ఆపాలి, ఇంకో రెండు నిమిషాలు అనే మాట లేదు. ఈ రెండు వారాలూ మధ్య ఆక్టేవ్ డి పైకి వెళ్లొద్దు. మొదటి ఆక్టేవ్‌లో లాంగ్ టోన్స్, నిదానమైన పాటలు. మీకు వచ్చిన తెలుగు పాట ఏదైనా, లాలిపాటైనా సరే, కింది ఆక్టేవ్‌లో, పాడినట్టు వాయించండి. నేను మా అమ్మ పాడే మంగళహారతి వాయించేవాణ్ని, బ్యారక్‌లో పక్క మంచం వాడు ఇదేం మార్చ్ అని అడిగాడు. కింది స్వరాలు నిండుగా వస్తే పై స్వరాలకి పునాది పడినట్టే, ఎందుకంటే పికోలో కింది ఆక్టేవ్ బలంతో లొంగదు, ఓపికకే లొంగుతుంది.

మరి సోలో ఎప్పుడు అంటారు. సోలో ఇవాళే మొదలుపెట్టండి, కానీ ఫ్లూట్ మీద. అదే ఫింగరింగ్, ఒక ఆక్టేవ్ కింద వినపడుతుంది, మీ చెవులకీ పెదాలకీ ఇంట్లో వాళ్లకీ హాయి. ట్రిల్స్ (పక్కపక్క స్వరాల మధ్య వేగంగా ఊగడం), వాటి ముందు వచ్చే చిన్న గ్రేస్ నోట్స్, ఊపిరి తీసే చోట్లు అన్నీ ఫ్లూట్ మీదే తేల్చేసుకోండి, మెట్రోనోమ్ పెట్టుకుని సగం స్పీడులో. నాలుగో వారం తర్వాత పికోలో మీద రెండేసి బార్లు (రాసిన సంగీతంలో తాళం గళ్లు) చొప్పున తీసుకోండి. ఆరో వారానికి పికోలో రోజుకి అరగంట చాలు. ఎనిమిదో వారంలో మొత్తం సోలో రోజుకి రెండుసార్లు, అంతకు మించొద్దు. మిగతాదంతా ఫ్లూట్ మీద. నమ్మండి, పికోలోని బాగా వాయించేవాళ్లలో చాలామంది దాన్ని తక్కువసేపే పట్టుకుంటారు.

చెవుల గురించి కొంచెం సీరియస్‌గా చెప్పాలి, మా తరంలో ఎవరూ చెప్పలేదు కాబట్టి. పికోలో కుడి చెవికి జానెడు దూరంలో ఉంటుంది, పై స్వరాల దగ్గర 100 డెసిబెల్స్ దాటడం మామూలు. అమెరికాలో పని చోట్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగం అవుతుంది. వేసి చూడండి, 100 దగ్గర పదిహేను నిమిషాలే వస్తుంది. చిన్న గదిలో, నాలుగు గోడల మధ్య ఇంకా దారుణం. మ్యుజీషియన్స్ ఇయర్‌ప్లగ్స్ అని ఉంటాయి, అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి, మందుల షాపులో దొరికే ఫోమ్ వాటిలా పై స్వరాల్ని మింగేయవు. కుడి చెవికైనా పెట్టుకోండి. పరదాలు, పరుపు ఉన్న గదిలో ప్రాక్టీస్ చేయండి. నాకిప్పుడు కుడి చెవిలో రాత్రిళ్లు ఈల వినపడుతుంది, ఎడమ చెవిలో లేదు. ఇంతకన్నా ఏం చెప్పను.

చెవి మాట వచ్చింది కాబట్టి శ్రుతి. మనిషి చెవికి అన్నిటికన్నా బాగా వినపడేది సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య. పికోలో మూడో ఆక్టేవ్ చాలావరకు సరిగ్గా అక్కడే పడుతుంది. దాని పై సి అంటే పియానో చివరి తెల్ల మెట్టు, 4,186 హెర్ట్జ్. అందుకే క్లారినెట్ కాస్త తప్పితే పక్కవాడికి తెలుస్తుంది, పికోలో కాస్త తప్పితే పార్కింగ్‌లో ఉన్నవాడికి తెలుస్తుంది. ట్యూనర్ వైపు చూస్తూ వాయించడం కంటే, ఫోన్‌లో ఒక స్వరం తంబురాలా మోగిస్తూ దాని మీద వాయించడం మంచిది. మన సంగీతం చెవిలో ఉన్నవాళ్లకి ఇది తేలిక, శ్రుతిపెట్టె అలవాటు కదా. రెండు స్వరాలు కలవకపోతే చెవిలో గుమ్ గుమ్ మని కొట్టుకుంటుంది, అది ఆగిపోయే దాకా పెదవి సర్దండి. గట్టిగా ఊదితే శ్రుతి పైకి, మెల్లగా ఊదితే కిందికి పోతుందన్నది ఫ్లూట్‌లో తెలిసిందే, ఇక్కడ అది రెట్టింపు అనుకోండి.

ఫింగరింగ్ గురించి రెండు మూడు ముక్కలు. మూడో ఆక్టేవ్ ఇ మొరాయిస్తుంటే కుడి చిటికెన వేలు ఎత్తేయండి. ఎఫ్ షార్ప్‌కి కుడి ఉంగరపు వేలు బదులు మధ్య వేలు వేసి చూడండి, చాలా పికోలోల మీద చప్పున పలుకుతుంది. సోలో ఎ ఫ్లాట్ మేజర్‌లో ఉంది కాబట్టి పై ఎ ఫ్లాట్ మీకు ముఖ్యం, అది పైకి తేలిపోతుంటే కుడి చేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కలపండి, స్థిరపడుతుంది. ఇవి అన్ని పికోలోల మీద ఒకేలా పనిచేయవు, మీ దాని మీద తంబురా స్వరం పెట్టి వినండి, నచ్చింది పెన్సిల్‌తో పార్ట్ మీద రాసుకోండి. ఫ్లూట్‌లో అలవాటైన వెడల్పాటి వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) మాత్రం తగ్గించుకోండి, ఇక్కడ అది అందంగా కాకుండా శ్రుతి ఊగుతున్నట్టు వినపడుతుంది.

ఇక ఫ్లూట్ టోన్ పాడవుతుందన్న భయం. ప్రపంచంలో దాదాపు ప్రతి ఆర్కెస్ట్రాలో పికోలో వాయించేవాళ్లు ఫ్లూట్ కూడా వాయిస్తారు, ఒక్కోసారి ఒకే కచేరీలో నాలుగైదుసార్లు మారతారు. పాడయ్యేది పికోలో వల్ల కాదు, పికోలోతో ముగించడం వల్ల. ప్రాక్టీస్ ఎప్పుడూ ఫ్లూట్‌తో మొదలుపెట్టి, మధ్యలో పికోలో, ఆఖర్న ఐదు నిమిషాలు ఫ్లూట్ కింది సి, డి, ఇ లాంగ్ టోన్స్, పెదాలు వదులుగా. పరుగు అయ్యాక కాసేపు నడిచినట్టు. నా అనుభవంలో అయితే పికోలోకి తిరిగి వచ్చాక నా ఫ్లూట్ మూడో ఆక్టేవ్ ఇదివరకు ఎన్నడూ లేనంత మెత్తబడింది.

మీరు అడగనిది ఒకటి. ఈ వాద్యంతో అసలు కష్టం వాయించడం కాదు, వాయించకుండా కూర్చుని ఒక్కసారిగా మొదలుపెట్టడం. బీథోవెన్ ఐదో సింఫనీలో (1808) పికోలో మూడు భాగాలు నోరు మూసుకుని కూర్చుని నాలుగో భాగంలో లేస్తుంది. చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీలో మూడో భాగం దాకా పనేం లేదు, తర్వాత కొన్ని సెకన్లలో అయిపోయే ఒక మెరుపు సోలో, తప్పితే దాక్కోవడానికి చోటుండదు. మీకూ అంతే, కచేరీలో చాలా భాగం ఫ్లూట్ మీద ఉండి, మార్చ్ కోసం పికోలో ఎత్తుతారు. కాబట్టి ఏడో వారం నుంచి ఇలా చేయండి, పికోలో బల్ల మీద పెట్టి వెళ్లి గిన్నెలు తోముకోండి, ఇరవై నిమిషాల తర్వాత చేయి తుడుచుకుని వచ్చి, ఏ వార్మప్ లేకుండా సోలో మొదటి నాలుగు బార్లు ఒక్కసారి వాయించండి. ఒక్కసారే. తప్పొచ్చినా రెండోసారి లేదు, మళ్లీ గిన్నెల దగ్గరికి. మొదటి వారం ఏడుపొస్తుంది, మూడో వారానికి ఆ మొదటి స్వరం మీ మాట వింటుంది.

ఆరుబయట కచేరీ కదా. టెక్సాస్ జులై ఎండలో పికోలో శ్రుతి పైకి ఎక్కుతుంది, హెడ్ జాయింట్ కొంచెం బయటికి లాగాలి, ముందే ఒక సాయంత్రం పెరట్లో వాయించి ఎంత లాగాలో చూసుకోండి. మాకు ఢిల్లీ జనవరిలో ఇది తిరగేసి, చలికి శ్రుతి పడిపోయేది, వంతు వచ్చేదాకా పికోలోని కోటు లోపల చంకలో పెట్టుకునేవాళ్లం, సిగ్గేం లేదు. గాలి ఇంకో శత్రువు. ఎదురుగాలి ఊదే రంధ్రం మీద పడితే సౌండ్ మాయమైపోతుంది, ఎంత ఊదినా రాదు, గాలికి వీపు పెట్టి నిలబడితే వస్తుంది. అక్కడ ఎటు నిలబడాలో డైరెక్టర్ గారితో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే ఈ మార్చ్‌లో పికోలో వాళ్లు సోలోకి లేచి నిలబడటం, చాలా చోట్ల ముందుకి రావడం ఆనవాయితీ. కొత్తది, చెక్కది కొనాలా అని కూడా అడిగారు. ఇప్పుడొద్దు. గ్రెనడిల్లా చెక్క సౌండ్ బాగుంటుంది, నాకూ ఇష్టమే, కానీ ఎండలో, ఏసీ గదుల్లోంచి బయటికీ లోపలికీ తిప్పితే చీలుతుంది, కొత్త చెక్కకి మెల్లగా అలవాటు చేసే వారాలు వేరే కావాలి. మీ దగ్గరున్న యమహా వైపీసీ-32 లాంటి ప్లాస్టిక్ ఒంటి పికోలో ఆరుబయటికి అన్నిటికన్నా నయం.

చివరిగా, ఇప్పుడే లేచి మీ పార్ట్ పై మూలన ఏం రాసి ఉందో చూడండి. ఈ మార్చ్ 1896 చివర్లో పుట్టింది, ఆ రోజుల్లో బ్యాండ్లలో పికోలో అంటే డి ఫ్లాట్ పికోలో, మనదాని కంటే అర స్వరం పైన పలికేది. మనది సి పికోలో. పాత బ్యాండ్ల బీరువాల్లో రెండు పార్ట్‌లూ కలిసిపోయి ఉంటాయి. ట్రయో, అంటే మార్చ్‌లో మీ సోలో వచ్చే భాగం, ఎ ఫ్లాట్‌లో వినపడాలి, డి ఫ్లాట్ పార్ట్‌లో అది జి మేజర్‌లో రాసి ఉంటుంది, ఒక్క షార్ప్, చూడ్డానికి ఎంత తేలికో. నేను ఒకసారి రిహార్సల్లో ఆ తేలికకి మురిసిపోయి, కళ్లు మూసుకుని, సోలో మొత్తం బ్యాండ్ కంటే సరిగ్గా అర స్వరం కింద వాయించాను. బ్యాండ్‌మాస్టర్ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక కర్ర కింద పెట్టి, “బావుంది, ఇప్పుడు మాతో కలిసి వాయించు” అన్నాడు. మీ పార్ట్‌లో ట్రయో దగ్గర నాలుగు ఫ్లాట్లు ఉంటే సరైనదే. ఒక్క షార్ప్ ఉంటే ఇవాళే లైబ్రేరియన్‌కి ఫోన్ చేయండి.